పేల్ ఏల్‌లో హాప్స్ ఎప్పుడు వేయాలి? మన ఎండాకాలం లెక్క

హాప్స్ (బీరుకు చేదు, సువాసన ఇచ్చే ఎండు పూలు) వాసన గుప్పుమనే పేల్ ఏల్ (ఒక రకం బీరు) ఇంట్లో చేసుకోవాలంటే హాప్స్‌లో ఎక్కువ భాగం చివరికి దాచిపెట్టండి. మాల్ట్ రసం (మొలకెత్తించిన బార్లీ నుంచి తీసిన తీపి నీళ్లు) మరుగుతున్నప్పుడు వేస్తే చేదు దిగుతుంది, సువాసన నూనెలు మాత్రం ఆవిరైపోతాయి. చారు దించాక కొత్తిమీర వేస్తాం కదా, అదే లెక్క. 20 లీటర్లకు గంట మరుగులో మాగ్నమ్ (చేదు కోసం వాడే హాప్స్ రకం) 15 గ్రాములు చాలు. (ఎక్సైజ్ రూల్స్ సంగతి ముందే కనుక్కోండి, తర్వాత టెన్షన్ ఎందుకు.)

అసలు చిక్కు మన వరంగల్, హన్మకొండ వైపు మే నెలలో వస్తుంది. ట్యాంకు నీళ్లే వేడిగా ఉంటాయి, ఇక కూలింగ్ కాయిల్ పెట్టినా గిన్నె తొందరగా చల్లారదు. స్టవ్ ఆపగానే సిట్రా (సువాసన కోసం వాడే హాప్స్ రకం) వేసేస్తే ఆ వేడికి చేదు ఇంకా దిగుతూనే ఉంటుంది. అందుకే 80 డిగ్రీలకు దిగేదాకా ఆగి, అప్పుడు 60 గ్రాములు వేసి 20 నిమిషాలు ఉంచండి. ఆ తర్వాత కాయిల్‌లోకి ఐసు నీళ్లు పంపితే పని త్వరగా అవుతుంది.

పులియడం దాదాపు అయిపోయాక ఇంకో 100 గ్రాములు వేసి మూడు రోజులు ఉంచండి. మరీ ఎక్కువ రోజులైతే పచ్చిగడ్డి వాసన రావచ్చు. వేసేటప్పుడు మూత ఎక్కువసేపు తెరిచి ఉంచొద్దు, గాలి తగిలితే పడ్డ శ్రమంతా దండగ. మిగిలిన ప్యాకెట్ గాలి తీసేసి డీప్ ఫ్రీజర్‌లో పెట్టేయండి.