అలాస్కా క్రూజ్: రేవులో దిగేముందు చూసుకోవలసినవి

అమెరికాలో ఉన్న పిల్లల దగ్గరికి వేసవిలో వచ్చిన తల్లిదండ్రులను వెంటబెట్టుకుని, సియాటిల్‌లో ఓడ ఎక్కి అలాస్కా చూసి వచ్చే తెలుగు కుటుంబాలు ఇప్పుడు చాలానే ఉన్నాయి. ఏప్రిల్ చివర మొదలై అక్టోబరు దాకా సాగే ఈ సీజనులో ఏడు రాత్రుల ప్రయాణమంటే సాధారణంగా జూనో, స్కాగ్‌వే, కెచికన్ రేవులలో ఒక్కో పూట, మంచు నదుల (గ్లేసియర్ల) ఎదుట ఒక రోజు, చివరికి కెనడాలోని విక్టోరియాలో ఒక సాయంత్రం ఉంటాయి. ఓడలో ఉన్నంతసేపు తిండికీ పడకకూ లోటుండదు. చిక్కులు వచ్చేది ఓడ ఎక్కడానికి ముందు కాగితాల దగ్గర, ఎక్కాక ఒడ్డున గడిపే ఆ కొద్ది గంటలలో.

అన్నిటికన్నా ముందు చూసుకోవలసినది కెనడా వీసా. సియాటిల్‌లో ఎక్కి సియాటిల్‌లోనే దిగుతున్నప్పుడు కెనడాతో పనేమిటని చాలామంది అనుకుంటారు. విదేశీ జెండాతో తిరిగే ఓడ కేవలం అమెరికా రేవుల మధ్యే ప్రయాణికులను తిప్పడానికి 1886 నాటి చట్టం ఒప్పుకోదు కనుక, దారిలో ఏదో ఒక పరాయి దేశపు రేవును తాకి తీరాలి. విక్టోరియాలో రాత్రిపూట ఆ నాలుగైదు గంటల మజిలీ అందుకే. భారతీయ పాస్‌పోర్ట్ మీద ప్రయాణించేవారు విక్టోరియాలో దిగినా, దిగకుండా క్యాబిన్‌లోనే పడుకున్నా, కెనడా సందర్శక వీసా ఉండవలసిందే. గ్రీన్ కార్డ్ ఉన్నవారికి మాత్రం ఆ వీసా అవసరం లేదు, గడువు తీరని పాస్‌పోర్ట్, గ్రీన్ కార్డ్ రెండూ చేతిలో ఉంటే చాలు. హెచ్-1బి మీద ఉన్నవారికీ, విద్యార్థులకూ, సందర్శక వీసా మీద వచ్చిన పెద్దవారికీ ఆ వెసులుబాటు లేదు.

మాకు తెలిసిన ఒక కుటుంబంలో అందరివీ అమెరికా పాస్‌పోర్టులు, తాతగారిది ఒక్కటే మన దేశపు పాస్‌పోర్టు. టికెట్లు కొన్నప్పుడు ఈ సంగతి ఎవరికీ తట్టలేదు. ఓడ ఎక్కే రోజు కౌంటరు దగ్గర ఆయన పాస్‌పోర్టు పేజీలు రెండుసార్లు తిరగేసి, కెనడా వీసా ఏదని అడిగారట. మనవలు అప్పటికే లైను దాటి అవతలికి వెళ్లిపోయారు. చివరికి తాతగారినీ, తోడుగా కొడుకునూ వెనక్కి పంపి మిగిలినవారు ఓడ ఎక్కారు, ఆ ఇద్దరి డబ్బు తిరిగి రాలేదు. అందువల్ల టికెట్ కొనేముందే, ప్రయాణానికి కనీసం మూడు నెలల ముందుగా, వీసాకు దరఖాస్తు చేసుకోవాలి. అమెరికాలో ఉండగానే ఆన్‌లైన్‌లో పెట్టుకుని, వేలిముద్రలు ఇక్కడి కేంద్రంలోనే ఇవ్వవచ్చు. పెద్దవారు ఇంకా ఇండియాలోనే ఉంటే అక్కడే ఆ పని పూర్తిచేసుకుని బయలుదేరడం మరీ మంచిది.

తిరిగి అమెరికాలో అడుగుపెట్టడానికి కావలసిన కాగితాలు వేరు. విక్టోరియా నుంచి వచ్చిన ఓడ దిగగానే అమెరికా అధికారుల తనిఖీ ఉంటుంది. పెద్దవారి ఐ-94 (అమెరికాలో ఎప్పటిదాకా ఉండవచ్చో తెలిపే పత్రం) గడువు తిరుగు తేదీ తరువాత కూడా మిగిలి ఉందో లేదో చూసుకోవాలి. హెచ్-1బి వారికి పాస్‌పోర్టులోని వీసా ముద్ర గడువు తీరిపోయినా, ఐ-94 చెల్లుబాటులో ఉండి, కెనడాకు మాత్రమే, 30 రోజులకు మించకుండా వెళ్లి వస్తే తిరిగి రానిచ్చే నిబంధన ఉంది. కాని ఈలోగా కొత్త వీసాకు దరఖాస్తు పెట్టి ఉంటే అది వర్తించదు. ఐ-94, ఐ-797 (హెచ్-1బి ఆమోద పత్రం) కాగితాలను ఫోనులో ఫోటోలుగా కాక అచ్చు తీసి పెట్టుకోండి. విద్యార్థులు ఐ-20 (విద్యార్థిగా చేర్చుకున్నట్టు కాలేజీ ఇచ్చే పత్రం) మీద ప్రయాణ సంతకం తాజాగా చేయించుకోవాలి.

ఇక సియాటిల్ చేరడం. ఓడ బయలుదేరే రోజు ఉదయం విమానంలో దిగి మధ్యాహ్నానికి రేవుకు చేరతామనే లెక్క పెట్టుకోవద్దు. విమానం మూడు గంటలు ఆలస్యమై ఓడ తప్పిపోతే, దాని తరువాతి మజిలీ వందల మైళ్ల ఉత్తరానే. ముందురోజే చేరి ఒక రాత్రి హోటలులో పడుకోవడం ఖర్చు కాదు, బీమా. సియాటిల్‌లో క్రూజ్ ఓడలు ఆగే చోట్లు రెండు, పియర్ 66, పియర్ 91. రెంటికీ మధ్య సుమారు 3 మైళ్ల దూరం. టాక్సీ ఎక్కాక కాకుండా, ఇంట్లో టికెట్ తీసి చూసి తమ ఓడ ఏ పియర్‌లో ఉంటుందో రాసుకోవాలి. తిరుగు విమానం మధ్యాహ్నం 12 గంటలకు ముందు పెట్టుకోకూడదు. ఓడ తెల్లవారుజామునే కట్టినా, వేలమంది దిగి, సామాను వెతుక్కుని, తనిఖీ దాటేసరికి పూట గడిచిపోతుంది.

రేవు దగ్గర పెద్ద పెట్టెలు కూలీలకు ఇచ్చేస్తే అవి క్యాబిన్ గుమ్మం దగ్గరికి చేరేది సాయంత్రానికే. కాబట్టి పాస్‌పోర్టులు, బీపీ, షుగరు మందులు, ఇన్సులిన్, కళ్లద్దాలు, ఒక స్వెటరు చేతి సంచిలోనే ఉండాలి. రైస్ కుక్కరు, ఎలక్ట్రిక్ కెటిల్, ఇస్త్రీపెట్టె ఓడలోకి రానివ్వరు, తనిఖీలో తీసి పక్కన పెడతారు. ఇంట్లో వండిన పులిహోర, డబ్బాలో పోసిన ఆవకాయ కూడా దాదాపు అంతే. సీలు వేసిన పొడుల పొట్లాలతో ఇబ్బంది ఉండదు. శాకాహారమనీ, ఉల్లి వెల్లుల్లి వద్దనీ బుక్ చేసిన రోజే రాతపూర్వకంగా చెప్పి, ఓడ ఎక్కగానే భోజనశాల పెద్దను ఒకసారి కలిస్తే, మరునాటి భోజనం ముందురాత్రే అడిగి పెట్టిస్తారు. ఒడ్డుకు దిగేటప్పుడు పండ్లు జేబులో వేసుకోవద్దు.

ఒడ్డున చూసే టూర్లు ఓడవాళ్ల దగ్గరే కొనాలా, బయట కొనాలా అన్నది అందరూ అడిగే ప్రశ్న. బయట కొంటే తరచు చౌక, గుంపు చిన్నది. ఓడ ద్వారా కొన్న టూరు ఆలస్యమైతే ఓడ ఆగుతుంది, లేదా తరువాతి రేవుకు చేర్చే బాధ్యత వారు తీసుకుంటారు; బయట కొన్న టూరుకు ఆ భరోసా లేదు. వాతావరణం బాగాలేక ఓడ ఆ రేవునే వదిలేస్తే ఓడ టూరు డబ్బు తిరిగి వస్తుంది, బయటివారి దగ్గర ఆ మాట ముందే రాతలో తీసుకోవాలి. నా అభిప్రాయంలో ఊరికి దూరంగా, గంటల తరబడి తీసుకుపోయే టూరును పెద్దవారితో వెళ్లినప్పుడు ఓడ దగ్గరే కొనాలి. ఊళ్లోనే తిరిగే వాటికి ఆ అదనపు డబ్బు దండగ.

జూనో అలాస్కా రాజధానే అయినా ఆ ఊరికి బయటి నుంచి రోడ్డు లేదు. ఓడ తప్పిపోతే విమానమో ఫెర్రీయో దిక్కు. ఇక్కడ మెండెన్‌హాల్ మంచు నది డాక్‌కు పన్నెండు, పదమూడు మైళ్ల దూరంలో ఉంటుంది. సిటీ బస్సు చౌకే కాని, సందర్శకుల కేంద్రానికి దాదాపు మైలున్నర ఇవతలే దింపేస్తుంది. మోకాళ్ల నొప్పులున్నవారికి రాకపోకలు కలిపి మూడు మైళ్ల నడక అయిపోతుంది, జలపాతం దాకా వెళ్లే బాట దానికి అదనం. కాబట్టి కేంద్రం గుమ్మం దాకా వెళ్లే బస్సు టూరే తీసుకోవాలి. ఆగస్టులో వెళ్లేవారికి ఇంకొక మాట: మంచు నది పక్కన లోయలో నిలిచిన నీరు ఒక్కసారిగా కిందికి వచ్చి మెండెన్‌హాల్ నదికి వరద తెచ్చిన ఘటనలు 2023, 2024, 2025 ఆగస్టు నెలల్లో వరుసగా జరిగాయి. ఆ రోజుల్లో ఆ వైపు టూర్లు ఆగిపోవచ్చు కనుక, అదే రోజుకు ఊళ్లో చూడదగ్గ మరొకటి మనసులో ఉంచుకోండి. తిమింగలాలు చూపించే పడవలు ఆక్ బే నుంచి బయలుదేరతాయి, డాక్ నుంచి అక్కడికి బస్సులో తీసుకుపోతారు. మొత్తం మూడున్నర గంటలు పడుతుంది. ఒకే పగలు తిమింగలాలు, మంచు నది, హెలికాప్టరు మూడూ కుక్కుకోవద్దు. హెలికాప్టరు మబ్బు పడితే ఎగరదు, పైగా మనుషులను తూకం వేసి కూర్చోబెడతారు.

స్కాగ్‌వేలో 1898లో మొదలుపెట్టి 1900కు పూర్తిచేసిన వైట్ పాస్ రైలు ఉంది. ఇరవై మైళ్లలో దాదాపు 2,900 అడుగులు ఎక్కుతుంది. కొండ శిఖరం దాకా వెళ్లి దిగకుండా తిరిగి వచ్చే రైలు ఒకటి, సరిహద్దు దాటి ఫ్రేజర్, కార్‌క్రాస్ దాకా వెళ్లేవి వేరే. మొదటిదానికి పాస్‌పోర్ట్ అక్కర్లేదు; రెండో రకానికి పాస్‌పోర్టూ, మనవారికి కెనడా వీసా కూడా కావాలి, క్యాబిన్ లాకరులో పెట్టి వస్తే కుదరదు. పెద్దవారికి మొదటిదే హాయి, రెండున్నర గంటలకు పైగా కూర్చునే చూడవచ్చు, పెట్టెలో మరుగుదొడ్డి ఉంటుంది. పైకి వెళ్లేటప్పుడు లోయ ఎడమ వైపున కనిపిస్తుంది. శిఖరం దగ్గర ఇంజను అటు నుంచి ఇటు మారాక, సీట్ల వీపులు ఎదురు దిశకు తిప్పి, ఇటువారిని అటు కూర్చోమంటారు. ఎడమ సీటు కోసం ఎవరితోనూ మాట పడనక్కర్లేదు.

కెచికన్ వాన ఊరు, ఏడాదికి 140 అంగుళాలకు పైగా, అంటే విశాఖపట్నంలో పడే వానకు మూడు రెట్లకు మించి. ఇక్కడ క్రీక్ స్ట్రీట్, టోటెమ్ స్తంభాలు (అక్కడి ఆదివాసులు బొమ్మలు చెక్కి నిలిపిన మానులు) చూసి వస్తే పెద్దవారికి చాలు.

టైము విషయం తేలికగా తీసుకోకూడదు. అలాస్కా గడియారం సియాటిల్‌కన్నా ఒక గంట వెనక. కొన్ని ఓడలు తమ గడియారాన్ని మారుస్తాయి, కొన్ని మార్చవు. ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో ఉన్న ఫోను ఒక టైము, ఊళ్లో దుకాణం గోడ మీద ఇంకొక టైము చూపిస్తాయి. అందుకని ఒక మామూలు చేతి గడియారాన్ని ఓడ టైముకు పెట్టి, ఇంట్లో ఒక్కరు దాన్నే నమ్మాలి. తిరిగి ఎక్కవలసిన గడువు ఓడ కదలడానికి సాధారణంగా అరగంట ముందే ముగుస్తుంది. ఆ గడువుకు గంట ముందు డాక్ దగ్గర ఉండేలా వెనక నుంచి లెక్కవేసుకుంటూ టూర్లు ఎంచుకోవాలి. రోజూ గదికి వచ్చే కార్యక్రమ పత్రంలో ఆ రేవులోని ఓడ ఏజెంటు ఫోను నంబరు ఉంటుంది. దిగేముందు దాన్ని ఫోటో తీసుకోండి. పెద్దవారి జేబులో ఓడ పేరు, డాక్ పేరు, మీ నంబరు రాసిన చీటీ వేయండి.

ఆగ్నేయ అలాస్కాలో ఆటుపోట్ల తేడా కొన్ని రోజుల్లో 20 అడుగులు దాటుతుంది. మా అత్తగారు ఉదయం జూనోలో తేలే డాక్ నుంచి ఒడ్డుకు చదునుగా ఉన్న వంతెన మీద నవ్వుకుంటూ నడిచి వెళ్లారు. సాయంత్రం తిరిగి వచ్చేసరికి నీరు దిగి, అదే వంతెన నిటారుగా కిందికి వాలి ఉంది, పైన వాన తడి. కమ్మీ పట్టుకుని పక్కకు తిరిగి ఒక్కొక్క అడుగూ వేస్తుంటే ఆవిడ పట్టుచీర కుచ్చిళ్లు చెప్పుల కింద పడ్డాయి. పట్టుచీరలు ఓడలోని విందు రాత్రికి ఉంచుకుని, ఒడ్డుకు పట్టున్న బూట్లు, సల్వారు లేదా ప్యాంటు వేసుకోవాలి. చక్రాల కుర్చీ కావాలంటే బుకింగు నాడే చెప్పాలి. టూరు బస్సుకు లిఫ్టు ఉందో, మెట్లు ఎక్కాలో విడిగా అడగాలి.

జూలైలో కూడా పగటి వేడి పదిహేను, పద్దెనిమిది డిగ్రీల మధ్యే ఉంటుంది. ఒక మందపు కోటుకన్నా, లోపల పలచని వెచ్చని చొక్కా, మీద స్వెటరు, పైన టోపీ ఉన్న వానకోటు మేలు. జీన్సు తడిస్తే రోజంతా ఆరదు. గొడుగు గాలికి నిలవదు.

సియాటిల్ ఓడలు ఎక్కువగా వాంకూవర్ దీవికి పడమటి వైపు విశాల సముద్రం మీదుగా వెళతాయి కనుక మొదటి రాత్రే ఊపు తెలుస్తుంది. క్యాబిన్ ఓడ మధ్యలో, కింది అంతస్తులో తీసుకుంటే ఊపు తక్కువ. వాంతుల మాత్ర కదలిక మొదలవకముందే వేసుకోవాలి; గ్లకోమా, ప్రోస్టేటు సమస్య ఉన్నవారు డాక్టరును అడగకుండా వేసుకోరాదు. ఓడ డాక్టరు ఫీజు గది ఖాతాలో పడుతుంది, ఇండియా నుంచి తెచ్చిన బీమాకు సముద్రం మీద వైద్యం, హెలికాప్టరు తరలింపు వర్తిస్తాయో లేదో పాలసీలో ఆ మాటలు వెతికి చూడండి. ఫోను విషయం రెండు మాటల్లో: ఓడ కదలగానే ఎయిర్‌ప్లేన్ మోడ్. సముద్రం మీద ఓడలోని సెల్ టవరును ఫోను పట్టుకుంటే వచ్చే బిల్లు చూసి ఇల్లంతా మాట్లాడుకుంటారు.

చివరి రాత్రి పెద్ద పెట్టెలు గుమ్మం బయట పెట్టమంటారు, తెల్లవారాక అవి ఒడ్డు మీదే కనిపిస్తాయి. మరునాటి బట్టలు, బూట్లు, మందులు, పాస్‌పోర్టులు ముందే తీసి మంచం మీద పెట్టుకోవాలి. మా మామగారు పద్ధతి గల మనిషి, పడుకోబోయేముందు కట్టుకున్న లుంగీ తప్ప అన్నీ మడిచి పెట్టెలో సర్ది, తాళం వేసి, తానే స్వయంగా బయట పెట్టారు. ఉదయం ఏడింటికి లుంగీ మీద నా వానకోటు తొడుక్కుని, అమెరికా తనిఖీ అధికారి ఎదుట పాస్‌పోర్ట్ పట్టుకుని చాలా హుందాగా నిలబడ్డారు.