స్టాటిక్ సైట్ జనరేటర్‌కి డేటా సోర్స్ ప్లగిన్లు తగిలించే ముందు జాగ్రత్తలు

ఈ మధ్య తెలిసినవాళ్ల సైట్ ఒకటి రాత్రికి రాత్రే ఖాళీ అయిపోయింది. అది స్టాటిక్ సైట్ జనరేటర్‌తో, అంటే కంటెంట్ తీసుకుని పేజీలన్నీ ముందే ఫైళ్లుగా కట్టిపెట్టే టూల్‌తో చేసిన సైట్. ఎవరూ హ్యాక్ చేయలేదు, సర్వరూ పడిపోలేదు. బిల్డ్ (సైట్ కట్టడం) పాస్, డిప్లాయ్ (సర్వర్ మీద పెట్టడం) పాస్, లాగ్‌లో ఎర్ర అక్షరం ఒక్కటి లేదు. పొద్దున చూస్తే హోమ్ పేజీ, అబౌట్ పేజీ మాత్రం మిగిలాయి, వ్యాసాలన్నీ 404 (పేజీ దొరకలేదు). తవ్వితే తేలిందేమిటంటే, కంటెంట్ రాసి దాచుకునే సీఎంఎస్‌లోకి తాళంచెవిలా పనిచేసే టోకెన్‌కి గడువు తీరింది. దాని ఏపీఐ (ప్రోగ్రాములు డేటా అడిగే దారి) 401, అంటే అనుమతి లేదు, అని జవాబిచ్చింది. అక్కడి నుంచి కంటెంట్ తెచ్చిపెట్టే ప్లగిన్ ఆ ఎర్రర్‌ని పట్టుకుని, ఒక వార్నింగ్ ముక్క లాగ్‌లో పడేసి, ఖాళీ లిస్టు రిటర్న్ చేసింది. జనరేటర్ నమ్మేసి సున్నా వ్యాసాలతో సైట్ కట్టింది. డిప్లాయ్ స్క్రిప్టులో డిలీట్ ఆప్షన్ ఉంది కాబట్టి, కొత్త బిల్డులో లేని ఫైళ్లన్నీ సర్వర్ మీంచి ఊడ్చుకుపోయాయి.

ఇందులో ఏ భాగమూ చెడిపోలేదు. ప్రతిదీ తనకు చెప్పిన పని చెప్పినట్టే చేసింది. అందుకే ఎవరికీ అలారం మోగలేదు.

సొంతంగా జనరేటర్ రాసుకుంటూ "ఇవాళ ఫైళ్ల నుంచి, రేపు నోషన్ నుంచి, ఎల్లుండి ఇంకేదైనా డేటాబేస్ నుంచి తెచ్చుకునేలా పెడదాం" అనుకునేవాళ్లకీ, ఉన్న జనరేటర్‌కి సోర్స్ ప్లగిన్ రాసేవాళ్లకీ ఇది. టెస్టులు రాయండి, డాక్యుమెంటేషన్ పెట్టండి లాంటివి ఇక్కడ ఉండవు. అవి మీకు తెలుసు.

రాకపోవడం వేరు, లేకపోవడం వేరు

నేను చూసిన నష్టాల్లో ఎక్కువ వాటికి మూలం ఈ ఒక్క తప్పే: డేటా రాకపోతే, డేటా లేదని లెక్కగట్టడం. పోస్ట్‌మ్యాన్ రాలేదంటే మనకెవరూ ఉత్తరం రాయలేదని కాదు కదా. కానీ చాలా ప్లగిన్ ఇంటర్‌ఫేస్‌లలో ఈ తేడా చెప్పుకునే దారే ఉండదు. "ఫెచ్ అని ఒక ఫంక్షన్ రాయి, లిస్టు రిటర్న్ చెయ్యి", అంతే. లిస్టు తప్ప ఇంకేమీ ఇవ్వడానికి లేనివాడు ఇబ్బంది వస్తే ఏమిస్తాడు? ఖాళీ లిస్టే ఇస్తాడు.

అందుకని ఇంటర్‌ఫేస్ గీసేటప్పుడే ప్లగిన్ నుంచి మూడు జవాబుల్లో ఒకటి రావాలని పెట్టండి: "మొత్తం తెచ్చాను, ఇవిగో", "పోయినసారి నుంచి ఏమీ మారలేదు", "తేలేకపోయాను". మూడోది వస్తే బిల్డ్ ఆగిపోవాలి. ఆపే పని కోర్‌కే (జనరేటర్ అసలు భాగానికే) అప్పజెప్పండి, ప్లగిన్‌కి వదిలేయొద్దు. ప్లగిన్లు రాసేవాళ్లు పదిమంది ఉంటారు, పదిమందీ జాగ్రత్తపరులే అయి ఉండరు.

ఈ తప్పు ఎన్ని సందుల్లోంచి దూరుతుందో చూడండి. జావాస్క్రిప్ట్‌లో ఫెచ్ 404 వచ్చినా 500 (సర్వర్‌లో లోపం) వచ్చినా ఎర్రర్ విసరదు. అవతలి నుంచి జవాబే రాకుండా పోతే తప్ప దానికి అంతా బాగున్నట్టే. రెస్పాన్స్ ఓకేనా కాదా అని మనమే చూసుకోవాలి. హ్యూగో అనే జనరేటర్‌లో బయటి డేటా తెచ్చే రిసోర్సెస్ గెట్‌రిమోట్ వాడితే, 404కి అది ఎర్రర్ ఇవ్వదు, నిల్ (ఏమీ లేదని) ఇస్తుంది. టెంప్లేట్‌లో విత్ (ఉంటే చూపించు) రాసి ఎల్స్ (లేకపోతే ఇది చెయ్యి) రాయలేదా, ఆ భాగం చడీచప్పుడు లేకుండా పేజీలోంచి మాయం. గ్రాఫ్‌క్యూఎల్ ఏపీఐలు చాలావరకు పైకి 200 అనే చెప్పి, అసలు సంగతి లోపల ఎర్రర్స్ అనే ఫీల్డులో పెడతాయి. ఇక 304. ఈట్యాగ్ (పోయినసారి కాపీకి గుర్తు) పంపి "ఏమైనా మారిందా" అని అడిగితే, మారలేదని వచ్చే జవాబు అది. దానికి బాడీ ఉండదు. బాడీ లేదు కాబట్టి డేటా లేదని తీర్మానించే ప్లగిన్, మొదటి బిల్డులో బంగారంలా పనిచేసి రెండో బిల్డులో సైట్ ఖాళీ చేస్తుంది.

సగం లిస్టు ఇంకా ప్రమాదం. మొత్తం పోతే ఎవరో ఒకరు పొద్దున్నే ఫోన్ చేస్తారు. కొన్ని పేజీలే తగ్గితే చాలా రోజులు ఎవరికీ తెలియదు. వర్డ్‌ప్రెస్ రెస్ట్ ఏపీఐ మనం అడగకపోతే 10 పోస్టులే ఇస్తుంది, అడిగినా ఒక్కసారికి 100 దాటి ఇవ్వదు. గిట్‌హబ్ లిస్టులు మామూలుగా 30, గరిష్ఠం 100. పేజినేషన్ (లిస్టును పేజీ పేజీగా మొత్తం తెచ్చుకోవడం) రాయడం మర్చిపోయిన ప్లగిన్ టెస్టులో దొరకదు, ఎందుకంటే టెస్ట్ సైట్‌లో ఉండేవి నాలుగైదు పోస్టులే. అసలు సైట్‌లో పదకొండో పోస్టు వేసిన రోజు అన్నిటికన్నా పాత పోస్టు కనిపించకుండా పోతుంది. పేజినేషన్ రాసినా సరే, మూడో పేజీ దగ్గర టైమౌట్ అయితే "వచ్చినంత ఇచ్చేద్దాం" అనే దయాగుణం వద్దు. వర్డ్‌ప్రెస్ మొత్తం ఎన్ని ఉన్నాయో హెడర్‌లోనే చెబుతుంది, దాని పేరు ఎక్స్ డబ్ల్యూపీ టోటల్. తెచ్చినవి ఎన్నో దాంతో సరిచూడండి. తేడా వస్తే అది "తేలేకపోయాను" కిందే లెక్క.

పనుల వరస కూడా ముంచుతుంది. ఆస్ట్రో అనే జనరేటర్ 5వ వెర్షన్‌తో వచ్చిన కంటెంట్ లేయర్‌లో లోడర్ (డేటా తెచ్చే కోడ్) చేతికి స్టోర్ అని ఒకటి ఇస్తారు. అందులో పాతవి తుడిచే క్లియర్ ఉంది, కొత్తవి పెట్టే సెట్ ఉంది. నేను చూసిన ఒక లోడర్ ఇలా ఉంది: మొదటి లైన్లో స్టోర్ క్లియర్, రెండో లైన్లో ఫెచ్, చుట్టూ ట్రై, ఎర్రర్‌ని పట్టుకునే క్యాచ్‌లో లాగర్ వార్న్ (ఒక వార్నింగ్ రాసి ఊరుకోవడం). ఫెచ్ తన్నేస్తే చేతిలో పాతదీ ఉండదు, కొత్తదీ ఉండదు, బిల్డ్ మాత్రం ముందుకెళ్తుంది. ముందు మొత్తం తెచ్చుకోండి. స్కీమాతో (ఏ ఫీల్డులో ఏ రకం డేటా ఉండాలో చెప్పే పట్టీతో) సరిచూసుకోండి. ఆ తర్వాతే క్లియర్, వెంటనే సెట్. గ్యాట్స్‌బీ అనే జనరేటర్‌లో ఇదే జబ్బు వేరే రూపంలో ఉంది. ఈ బిల్డులో కొత్తగా సృష్టించని, టచ్‌నోడ్‌తో "ఇది ఇంకా ఉంది" అని చెప్పని నోడ్లను (దాచుకున్న ఐటమ్‌లను) అది మామూలుగా చెత్త కింద తీసేస్తుంది. మారినవి మాత్రమే తెచ్చుకుని, మారనివాటిని తాకడం మర్చిపోయారంటే మారనివన్నీ పోతాయి.

బుద్ధిమంతులే ఈ ఖాళీ లిస్టు ఎందుకు రాస్తారో కూడా చెప్పాలి. బయటివాళ్లు మన కోడ్‌కి కాపీ తీసుకుని (ఫోర్క్), తమ మార్పులు కలపమని పుల్ రిక్వెస్ట్ (పీఆర్) పెడితే, బిల్డులు నడిపే గిట్‌హబ్ యాక్షన్స్ వాళ్ల బిల్డుకి మన సీక్రెట్లు ఇవ్వదు. టోకెన్ లేక బిల్డ్ ఫెయిల్ అవుతుంది. పాపం వాళ్ల పీఆర్ ఎర్రగా కనిపించకూడదని "టోకెన్ లేకపోతే ఖాళీ లిస్టు" అని ఒక లైన్ రాస్తారు. ఆ లైనే తర్వాత ప్రొడక్షన్లో (జనం చూసే అసలు సైట్‌లో) పేలుతుంది. కావాల్సింది నమూనా డేటాతో నడిచే మోడ్. అది సెట్టింగ్‌తో పేరుపెట్టి అడిగితేనే ఆన్ కావాలి, ప్రొడక్షన్ బిల్డులో దాన్ని ఆన్ చేయడం కుదరకూడదు.

కోర్‌లో ఒక లెక్క పెట్టుకోండి: పోయిన విజయవంతమైన బిల్డులో ఈ సోర్స్ నుంచి ఎన్ని వచ్చాయి, ఇప్పుడెన్ని వచ్చాయి. బాగా తగ్గితే ఆపండి. ఎంత తగ్గితే అనేది మీ సైట్‌ని బట్టి. నిజంగానే తగ్గించినప్పుడు మనిషే ఒక ఫ్లాగ్ ఇచ్చి దాటించాలి. సహజంగా ఖాళీగా ఉండే సోర్స్ అయితే, ఉద్యోగ ప్రకటనల పేజీలాంటిది, "ఖాళీ అయినా పర్లేదు" అని కాన్ఫిగ్‌లో విడిగా రాయించండి. డిప్లాయ్ దగ్గర ఇంకో తలుపు. ఫైళ్లు సర్వర్‌కి పంపే ఆర్‌సింక్‌లో మ్యాక్స్ డిలీట్ అని ఆప్షన్ ఉంది, అంతకు మించి ఫైళ్లు చెరపదు. పంపేవైపు చదవడంలో ఎర్రర్ వస్తే ఆర్‌సింక్ తనంతట తానే చెరపడం మానేస్తుంది కూడా. పాత టూలుకి ఉన్న ఈ ఇంగితం మన ప్లగిన్లకి లేకపోతే ఎలా?

క్యాష్‌ని (దాచుకున్న పాత కాపీని) నమ్ముకునేవాళ్లకి

ఎలెవెంటీ అనే జనరేటర్ వాళ్ల ఫెచ్ ప్లగిన్ మంచి పని చేస్తుంది. నెట్‌వర్క్ తన్నేస్తే, గడువు తీరిన క్యాష్ ఉన్నా సరే దాన్నే వాడుకుంటుంది. కానీ ఆ క్యాష్ ఉండేది మీ ల్యాప్‌టాప్‌లో. సీఐ మెషీన్ (బిల్డులు తనంతట తానే నడిపే సర్వర్) ప్రతిసారీ కొత్తగా లేస్తుంది, క్యాష్ ఫోల్డర్‌ని దాచి తిరిగి తెచ్చే ఏర్పాటు మీరు చేయకపోతే అక్కడ ఏమీ ఉండదు. ఇంట్లో పనిచేసే రక్షణ అసలు చోట లేనట్టే. ఏర్పాటు చేశాక ఇంకో సంగతి: పాత డేటాతో కట్టిన బిల్డ్ ఆ మాట పైకి చెప్పాలి. లేదంటే టోకెన్ చచ్చిపోయిందని ఎవరికీ తెలియకుండానే సైట్ పాత సరుకుతో నెలల తరబడి నడుస్తుంది.

ఐడీలు, రకాలు

ప్రతి ఐటమ్‌కీ సోర్స్ ఇచ్చే స్థిరమైన ఐడీ కావాలి. వరస నంబర్‌ని ఐడీగా వాడొద్దు. షీట్‌లో ఎవరో ఒక కాలమ్ మీద సార్ట్ నొక్కితే యూఆర్ఎల్స్ అన్నీ తారుమారవుతాయి. స్కీమా ప్లగిన్ ప్రకటించాలి, డేటాను చూసి ఊహించకూడదు. యామ్‌ల్ అనే డేటా ఫార్మాట్‌ని 1.1 పద్ధతిలో చదివే పార్సర్ దగ్గర కొటేషన్లు లేకుండా నార్వే దేశపు రెండక్షరాల కోడ్ (NO) రాస్తే అది "నో" అనుకుని ఫాల్స్ అయిపోతుంది. సీఎస్‌వీలో అన్నీ స్ట్రింగులే, సున్నా కూడా. టైమ్ లేని తేదీని జావాస్క్రిప్ట్ యూటీసీగా చదువుతుంది, అమెరికా టైమ్‌జోన్‌లో ఉన్న మెషీన్ దాన్ని లోకల్ టైమ్‌లో చూపిస్తే పోస్ట్ ఒకరోజు ముందు తేదీతో కనిపిస్తుంది.

మిగతావి వరసగా

– నోషన్ ఇచ్చే ఫైల్ లింకులకి గంటే ఆయుష్షు. ఎయిర్‌టేబుల్ అటాచ్‌మెంట్ లింకులూ కొన్ని గంటల్లో చచ్చిపోతాయి. బిల్డ్ టైమ్‌లోనే ఫైళ్లు దింపుకోండి. లింక్ అలాగే పేజీలో పెడితే బిల్డ్ అయ్యాక మీరు చూసినప్పుడు బొమ్మలుంటాయి, సాయంత్రం వచ్చినవాళ్లకి ఉండవు.

– స్లగ్ (యూఆర్ఎల్‌లో పేజీ పేరు) బయటి నుంచి వస్తే అది ఫైల్ పాత్ అవుతుందని గుర్తుంచుకోండి. రెండు చుక్కలు, స్లాష్‌తో పైకి ఎక్కగలదు. రాసే ముందు ఆ పాత్ అవుట్‌పుట్ ఫోల్డర్ లోపలే ఉందా అని చూడాలి.

– రెండు సోర్సులు ఒకే స్లగ్ ఇస్తే ఆపేయండి. "చివరొచ్చింది గెలుస్తుంది" వద్దు. పెద్దక్షరం, చిన్నక్షరం తేడా ఉన్న స్లగ్‌లూ ఒకటే అనుకోండి, మ్యాక్‌లో మామూలుగా అవి ఒకే ఫైల్.

– వచ్చినవాటిని సార్ట్ చేయండి. గో భాషలో మ్యాప్ తిరిగే వరస ప్రతిసారీ మారొచ్చు. వరస మారితే ఏమీ మారని బిల్డులో కూడా వందల ఫైళ్లు మారినట్టు కనిపిస్తాయి.

– టైమౌట్ పెట్టండి. 429 (మరీ ఎక్కువసార్లు అడిగారు) వస్తే, మళ్లీ ఎప్పుడు అడగాలో చెప్పే రీట్రై ఆఫ్టర్ హెడర్ చదవండి. వెంటనే మళ్లీ కొట్టొద్దు.

– వార్నింగ్ ఎవరూ చదవరు. ఎర్రర్ అయితే ఎర్రర్ అనండి.

– టోకెన్ కాన్ఫిగ్ ఫైల్లో వద్దు. గ్యాట్స్‌బీ అనే ముందక్షరాలతో ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ పెడితే అది బ్రౌజర్ దాకా వెళ్తుంది. టోకెన్‌కి ఆ పేరు పెట్టొద్దు.

– చదవడానికి మాత్రమే పనికొచ్చే టోకెన్ వాడండి. రాసే హక్కు సోర్స్ ప్లగిన్‌కి ఎందుకు?

– డ్రాఫ్టులు సోర్స్ దగ్గరే వడకట్టాలి. టెంప్లేట్‌లో దాచడం దాచడం కాదు, సెర్చ్ ఇండెక్స్‌లోనూ ఫీడ్‌లోనూ బయటపడతాయి.

– బయటి నుంచి వచ్చిన హెచ్‌టీఎంఎల్ శుభ్రం చేయకుండా పేజీలో పెట్టొద్దు. బయటి ఎండీఎక్స్ అసలే వద్దు, అది కోడ్, మీ మెషీన్ మీద నడుస్తుంది.

– పైథాన్‌లో యామ్‌ల్ చదివే పైయామ్‌ల్ అయితే సేఫ్ లోడ్. వేరే మాట లేదు.

– ప్లగిన్‌కి మీ మెషీన్ మీద మీకున్న హక్కులన్నీ ఉంటాయి. 2018లో ఈవెంట్ స్ట్రీమ్ అనే ఎన్‌పీఎం (జావాస్క్రిప్ట్) ప్యాకేజీలోకి బిట్‌కాయిన్ వాలెట్ల కోసం దొంగ కోడ్ దూరింది, లక్షలసార్లు డౌన్‌లోడ్ అయ్యే ప్యాకేజీ అది. లాక్‌ఫైల్ (ఏ ప్యాకేజీ ఏ వెర్షనో రాసి ఉండే ఫైల్) కమిట్ చేయండి, సీఐలో దాని ప్రకారమే ఇన్‌స్టాల్ చేయండి.

– క్యాచ్‌లో ఖాళీ లిస్టు రిటర్న్ చేయొద్దు.

– క్యాచ్‌లో నల్ కూడా రిటర్న్ చేయొద్దు. "లేకపోతే ఖాళీ లిస్టు" అని డిఫాల్ట్ విలువ ఇచ్చే చిన్న ఆపరేటర్లూ అదే పని చేస్తాయి, వాటినీ వెతకండి. రాకపోవడం వేరు, లేకపోవడం వేరు.

– సోర్స్ మార్చే రోజు డిలీట్ ఆప్షన్ తీసేసి డిప్లాయ్ చేయండి. పాత ఫైళ్లు రెండు రోజులు ఉంటే కొంపలు మునగవు.

– పోయిన బిల్డ్ అవుట్‌పుట్ అలాగే దాచుకోండి. వెనక్కి వెళ్లే కమాండ్ ఒకసారి నడిపి చూడండి, ఇవాళే.

– ప్లగిన్‌ని ఒప్పుకునే ముందు, క్యాష్ ఖాళీ చేసి, టోకెన్‌లో ఒక అక్షరం మార్చి బిల్డ్ నడపండి. తర్వాత నెట్ పీకేసి నడపండి. తర్వాత రెండో పేజీకి 500 ఇచ్చే డమ్మీ సర్వర్ పెట్టి నడపండి. మూడుసార్లూ బిల్డ్ ఎర్రబడాలి. ఒక్కసారి పచ్చగా వచ్చినా ఆ ప్లగిన్ వెనక్కి పంపండి.