స్ప్లాష్ ప్యాడ్‌కి పిల్లల్ని తీసుకెళ్లే ముందు

డల్లాస్ చుట్టుపక్కల ఎండలు ముదురుతున్నాయి, పార్కుల్లో స్ప్లాష్ ప్యాడ్లు, అంటే పిల్లలు ఆడుకోడానికి నేలలోంచి నీళ్లు చిమ్మే ఫౌంటెన్లు, వదిలే రోజులొచ్చాయి. పిల్లలతో బయల్దేరే ముందు ఇవి చూసుకోండి.

• ముక్కులోకి నీళ్లు పోనివ్వకండి. 2021లో డల్లాస్ దగ్గరి ఆర్లింగ్టన్‌లో ఒక పార్కు స్ప్లాష్ ప్యాడ్‌లో ఆడుకున్న 3 ఏళ్ల బాబు మెదడును తినే అమీబా సోకి చనిపోయాడు. అక్కడ క్లోరిన్ పరీక్షలు రోజూ సరిగా చేయలేదని తర్వాత తేలింది. ఇది చాలా అరుదే, కానీ సోకితే బతికేవాళ్లు బహు తక్కువ. నీళ్లు మింగితే ఈ అమీబా సోకదు, ముక్కులోంచే ఎక్కుతుంది. అందుకే నీళ్లు చిమ్మే రంధ్రం మీదికి మొహం వంచనివ్వకండి.

• అలాగని మింగనివ్వకండి. క్రిప్టో అనే విరేచనాల క్రిమి సరైన మోతాదు క్లోరిన్‌లో కూడా వారానికి పైగా బతుకుతుంది.

• విరేచనాలైతే పూర్తిగా తగ్గేదాకా వద్దు. స్విమ్ డైపర్ క్రిముల్ని ఆపలేదు. చాలాచోట్ల పారిన నీళ్లే మళ్లీ పైకి చిమ్ముతాయి, ఒక్క బిడ్డ వల్ల అందరికీ అంటుతుంది. దయచేసి ఈ ఒక్కటి మొహమాటపడకుండా పాటించండి.

• నీటిధార మీద కూర్చోనివ్వకండి. ఒంటికున్న మలినం నీళ్లలో కలుస్తుంది, గట్టి ధారైతే లోపల గాయం కూడా కావచ్చు.

• రబ్బరు చెప్పులు వేయండి. తడవని కాంక్రీటు మధ్యాహ్నానికి అరికాళ్లు బొబ్బలెక్కేంత కాలుతుంది.