ట్రాక్టర్ దుక్కి నేర్చుకుందాం – 4వ పాఠం: సీటు పక్కన ఉన్న రెండు లీవర్లు

పోయిన పాఠం వరకు ఉత్త ట్రాక్టరే తోలాం. ఈసారి వెనక కల్టివేటర్, అంటే నేలను గీరే పళ్ల పనిముట్టు, తగిలించి నేలలోకి దించుతాం. చెన్నైలో ఉద్యోగం చేసుకుంటూ, సెలవు దొరికితే ఊత్తుకోట, గుమ్మిడిపూండి, సత్యవేడు వైపు సొంత పొలానికి వెళ్లేవాళ్ల కోసం రాస్తున్న పాఠాలివి. అలాంటి పొలాలకు ట్రాక్టర్ చాలావరకు గంట బాడుగకే వస్తుంది. డ్రైవరన్న పని త్వరగా ముగించి ఇంకో పొలానికి పోవాలి. దుక్కి ఎంత లోతు పడిందో గట్టు మీద నిలబడిన మీరే చూసుకోవాలి. కాబట్టి స్టీరింగ్ పట్టుకోనివాళ్లు కూడా ఈ పాఠం వదలొద్దు.

ముందు తగిలించడం. ట్రాక్టర్ వెనక పనిముట్టును పట్టుకునే చేతుల్లాగా కింద రెండు లింకులు, పైన ఒక టాప్ లింక్ ఉంటాయి. చదునైన చోట కల్టివేటర్‌ని పెట్టి నిదానంగా వెనక్కి రండి. రెంటికీ మధ్య ఒక మనిషిని నిలబెట్టి ‘రా, రా’ అనిపించుకోవడం చాలాచోట్ల చూస్తాం. దయచేసి ఆ పని చేయకండి. క్లచ్ మీద కాలు జారితే ఆ మనిషి నలిగిపోతాడు. దగ్గరికి వచ్చాక న్యూట్రల్ చేసి, హ్యాండ్ బ్రేక్ వేసి, ఇంజిన్ ఆపి దిగండి. మొదట ఎడమ కింద లింకు, తర్వాత కుడిది, చివర టాప్ లింక్. కుడివైపు ఎత్తు సర్దుకునే పిడి ఉంటుంది కాబట్టి కొంచెం తేడా ఉన్నా దాన్ని తిప్పి కలపవచ్చు. విప్పేటప్పుడు ఈ వరస తిరగేయండి.

పిన్నుల సైజు చూసుకోండి. కేటగిరీ 1 అయితే కింద పిన్ను 22 మి.మీ., పైది 19 మి.మీ. పెద్ద ట్రాక్టర్లకు వచ్చే కేటగిరీ 2 అయితే 28, 25. ప్రతి పిన్నుకీ అది జారిపోకుండా ఆపే చిన్న లించ్ పిన్ను పెట్టాలి. మేకో కట్టుతీగో పెట్టి సరిపెట్టవద్దు.

ఇక మట్టం. వెనక నిలబడి చూస్తే కల్టివేటర్ ఒక పక్కకు ఒరిగి ఉండకూడదు. ఒరిగితే కుడి పిడి తిప్పండి. పక్క నుంచి చూసినప్పుడు ముందు పళ్లు, వెనక పళ్లు ఒకే లోతులో ఉండాలి. టాప్ లింక్ కురచ చేస్తే ముందు పళ్లు దిగుతాయి, పొడుగు చేస్తే వెనకవి.

ఇరుక్కున్న బండినో చెట్టు మోడునో లాగాల్సి వస్తే గొలుసును ట్రాక్టర్ వెనక కింద ఉండే డ్రాబార్ అనే ఇనుప పట్టీకే కట్టండి. టాప్ లింక్ దగ్గర కట్టి లాగితే ముందు చక్రాలు లేచి ట్రాక్టర్ వెనక్కి తిరగబడుతుంది. అది రెండు సెకన్ల పని. కిందికి దూకేంత వ్యవధి దొరకదు.

ఇప్పుడు లీవర్ల దగ్గరికి వద్దాం. ఒకటి పొజిషన్, రెండోది డ్రాఫ్ట్. పొజిషన్ లీవర్‌తో పనిముట్టు ట్రాక్టర్‌కు ఎంత ఎత్తులో ఉండాలో పెడతాం, అది అక్కడే నిలుస్తుంది. డ్రాఫ్ట్ లీవర్ ఎత్తును పట్టించుకోదు, లాగుడు భారాన్ని చూస్తుంది. నేల గట్టిగా తగిలితే పనిముట్టు టాప్ లింక్‌ని ముందుకు నెడుతుంది. అక్కడి స్ప్రింగ్ నొక్కుకుని, హైడ్రాలిక్ వాల్వు తెరుచుకుని, పనిముట్టు కాస్త లేస్తుంది. భారం తగ్గగానే మళ్లీ దిగుతుంది. నాగలి పట్టిన రైతు రాయి తగలగానే మేడి కొంచెం ఎత్తి, దాటాక మళ్లీ అదిమినట్టే. ఇలా ఎత్తినప్పుడల్లా పనిముట్టు భారం కొంత వెనక చక్రాల మీద పడి వాటికి పట్టు దొరుకుతుంది. తేలిక ట్రాక్టర్‌తో బరువైన దుక్కి దున్నగలగడానికి కారణం ఇదే.

దీన్ని రూపొందించిన హ్యారీ ఫెర్గూసన్ ఐర్లాండ్ మనిషి. 1939లో ఫోర్డ్‌తో కలిసి తెచ్చిన 9ఎన్ ట్రాక్టర్‌తో ఈ పద్ధతి ప్రపంచమంతా పాకింది. ఆయన పేరుతో ఉన్న మాసీ ఫెర్గూసన్ ట్రాక్టర్లను చేయడానికి 1960లో టాఫే కంపెనీ మొదలైంది మన చెన్నైలోనే. ఇంత మంచి ఏర్పాటు చేతికందే దూరంలో ఉన్నా, చాలామంది దుక్కి మొత్తం పొజిషన్ లీవర్ మీదే లాగించేస్తారు. ఇంజిన్ మూలుగుతుంది, చక్రాలు ఉన్నచోటే తిరుగుతాయి, డీజిల్ కాలిపోతుంది. నాకు చాలా బాధ కలిగించే సంగతి ఇది.

ట్రాక్టర్ రెక్క నాగలికీ, గట్టి నేలలో కల్టివేటర్‌కీ డ్రాఫ్ట్ వాడండి. తిరిగే కత్తులుండే రోటవేటర్‌కీ, విత్తనం వేసే డ్రిల్లుకీ, చదును చేసే బ్లేడుకీ పొజిషన్. చెరువు కింద బంకమట్టి, మెరక మీద ఇసుక నేల ఒకే మడిలో కలిసి ఉంటే డ్రాఫ్ట్‌లో కొంచెం జాగ్రత్త కావాలి. మెత్తని చోటికి రాగానే పళ్లు మరీ లోతుకు దిగిపోతాయి. డ్రాఫ్ట్‌లో పనిచేసేటప్పుడు సాధారణంగా పొజిషన్ లీవర్ పూర్తిగా కిందికి పెట్టి, డ్రాఫ్ట్ లీవర్‌ని కొద్దికొద్దిగా జరుపుతూ లోతు కుదుర్చుకుంటారు. కంపెనీని బట్టి తేడాలుంటాయి, ట్రాక్టర్‌తో వచ్చిన పుస్తకం ఒకసారి తిరగేయండి.

మట్టి పదును, అంటే తడి ఎంత ఉందో చూడకుండా మాత్రం దింపకండి. అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా మనవైపు పెద్ద వానలు. దుక్కి లోతు నుంచి పిడికెడు మట్టి తీసి, గట్టిగా పిసికి, నడుము ఎత్తు నుంచి వదలండి. పొడిగా విరిగితే దున్నవచ్చు. ముద్దలాగే ఉంటే ఆగండి. తడి నేలలో చక్రాలు తొక్కిన చోట మట్టి బిగిసిపోతుంది, ఆ బిగువు పైరు వేళ్లకు అడ్డుపడుతుంది.

ఇక ఈ వారం అభ్యాసం. వెనక టైరు మీద సుద్దతో గీత పెట్టండి. అదే పొలంలో కల్టివేటర్ పైకి ఎత్తి, చక్రం 10 చుట్లు తిరిగేలా తోలి దూరం కొలవండి. తర్వాత దింపి, దున్నుతూ, అదే గేరులో మళ్లీ 10 చుట్లు. మొదటిది 40 మీటర్లు, రెండోది 34 అనుకుందాం. 6 మీటర్లు జారింది, అంటే 15 శాతం. దుక్కిలో 10 నుంచి 15 శాతం జారుడు మామూలే. అంతకు మించితే డ్రాఫ్ట్ లీవర్‌తో లోతు కాస్త తగ్గించండి, అయినా తగ్గకపోతే వెనక చక్రాలకు బరువులు వేయాలి. జారుడు మరీ తక్కువగా ఉంటే ట్రాక్టర్ అక్కర్లేని బరువు మోస్తోందేమో చూడండి.

కొలతలు, గేరు, లోతు, ఆ రోజు మట్టి పదును రాసి ఉంచండి. 5వ పాఠంలో రోటవేటర్ కడతాం. దానికి తిరుగుడు ఇచ్చే పీటీఓ షాఫ్టు నిమిషానికి 540 చుట్లు తిరుగుతుంది. మీరు వాడే ట్రాక్టర్‌లో ఆ షాఫ్టుకు కవర్ లేకపోతే, అప్పటికల్లా వేయించి పెట్టండి.