ఈతకొలను నీళ్లు తేటగా ఉంటే చాలదు

ఏప్రిల్ వచ్చిందంటే రాయగడ నుంచి బరంపురం దాకా ఈతకొలనుల్లో పిల్లలు నిండిపోతారు. ఎండ, జనం, కరెంటు కోత మూడూ కలిసి నీళ్లను పాడుచేసేదీ అప్పుడే. నీళ్లు తేటగా కనిపించేలా చేసేది ఫిల్టరు. క్రిముల్ని చంపేది క్లోరిన్. ఒకటి బాగుందని రెండోదీ బాగున్నట్టు కాదు. కంటినీ ముక్కునూ పక్కనపెట్టి, కొలిచి తెలుసుకోవాలి.

ముందుగా కొలనులో ఎన్ని నీళ్లు పడతాయో లెక్కగట్టి మోటారు గది గోడమీద రాయించండి. పొడవు 25 మీటర్లు, వెడల్పు 12.5, సగటు లోతు 1.5 అనుకుంటే దాదాపు 4.7 లక్షల లీటర్లు. వెయ్యి లీటర్లకు ఒక గ్రాము క్లోరిన్ పడితే 1 పీపీఎం. అంటే ఈ కొలనులో 1 పీపీఎం పెంచడానికి 470 గ్రాముల అసలు క్లోరిన్ కావాలి. 65 శాతం కాల్షియం హైపోక్లోరైట్ పొడి అయితే 720 గ్రాములు, 10 శాతం ద్రవ క్లోరిన్ అయితే 4.7 లీటర్లు పడుతుంది. కొత్త బ్లీచింగ్ పౌడరులో 33 శాతం ఉంటుంది కాబట్టి 1.4 కిలోలు. కానీ మూతి విప్పిన సంచికి వానాకాలం తేమ తగిలితే ఆ బలం నిలవదు, పైగా సున్నం మడ్డి మిగులుతుంది. తప్పనిసరై వాడితే బకెట్లో కలిపి, మడ్డి కిందికి దిగాక పైతేట మాత్రమే పోయండి.

ఇక కొలవడం. చాలాచోట్ల పసుపు రంగొచ్చే ఆర్థోటోలిడిన్ చుక్కలే వాడుతుంటారు. అవి మొత్తం క్లోరిన్‌ను చూపిస్తాయే తప్ప అందులో పనిచేసేది ఎంతో చెప్పవు. చెమట, మూత్రంతో కలిసి చచ్చుబడ్డ క్లోరిన్ కూడా ఆ పసుపులోనే లెక్కకొస్తుంది. నీళ్లలో వేస్తే క్లోరిన్‌ను బట్టి రంగొచ్చే డీపీడీ మాత్రలు కొనండి. ఒకటో నంబరు మాత్రతో వచ్చేది ఫ్రీ క్లోరిన్, అంటే పనిచేసే భాగం; అందులోనే మూడో నంబరు వేస్తే మొత్తం క్లోరిన్. రెండింటి తేడా చచ్చుబడ్డ భాగం. ఫ్రీ క్లోరిన్ 1 నుంచి 3 మధ్య ఉండాలి, తేడా 0.5 దాటకూడదు. కళ్లు మండటం, ఘాటు వాసన రావడం చూసి ‘క్లోరిన్ ఎక్కువైంది’ అని మోతాదు తగ్గిస్తారు. చాలాసార్లు జరిగింది దానికి విరుద్ధంగా ఉంటుంది, తేడా పెరిగి ఆ వాసన వస్తోంది. అప్పుడు తేడాకు పదింతలు క్లోరిన్ ఒక్కసారే వేయాలి. తేడా 0.6 అయితే 6 పీపీఎం, అంటే పై కొలనుకు 65 శాతం పొడి 4.3 కిలోలు. జనం వెళ్లిపోయాక, మోటారు నడుస్తుండగా వేయండి. తెల్లారాక ఫ్రీ క్లోరిన్ 3కు దిగిందని కొలిచి చూశాకే గేటు తీయండి. ఒక జాగ్రత్త: క్లోరిన్ 10 దాటితే డీపీడీ రంగు వెలిసిపోయి సున్నా ఉన్నట్టు కనిపిస్తుంది. అనుమానమొస్తే ఒక వంతు కొలను నీళ్లకు నాలుగు వంతుల డిస్టిల్డ్ వాటర్ కలిపి కొలిచి, వచ్చిన అంకెను అయిదుతో గుణించండి.

పీహెచ్ (నీటి ఆమ్ల, క్షార గుణం చెప్పే అంకె) 7.2 నుంచి 7.6 మధ్య నిలపండి. 7.5 దగ్గర ఫ్రీ క్లోరిన్‌లో సగం చురుగ్గా ఉంటుంది, 8కి చేరితే నాలుగో వంతుకు పడిపోతుంది. యాసిడ్‌తో దించేటప్పుడు బకెట్లో ముందు నీళ్లు, తర్వాత యాసిడ్. లెక్కేసిన మోతాదులో సగమే పోసి, నాలుగు గంటలాగి మళ్లీ కొలవండి. యాసిడ్‌నూ క్లోరిన్‌నూ ఒకే గదిలో పెట్టకండి, ఒకే మగ్గుతో తోడకండి. కలిస్తే వచ్చే గ్యాసు ప్రాణం తీస్తుంది. ట్రైక్లోర్ బిళ్లలూ (నెమ్మదిగా కరిగే మరో రకం క్లోరిన్) కాల్షియం హైపోక్లోరైటూ కలిస్తే నిప్పంటుకుంటుంది.

కరెంటు పోయినప్పుడు కూడా ఇదే ప్రమాదం పొంచి ఉంటుంది. పెద్ద మోటారు ఆగి, మందు పంపే చిన్న పంపు వేరే లైనులో నడుస్తూ ఉంటే పైపులో యాసిడ్, క్లోరిన్ పోగుపడతాయి. కరెంటు రాగానే ఆ గ్యాసు ఈదేవాళ్ల ముఖాల దగ్గరే బయటికొస్తుంది. పెద్ద మోటారు నడిస్తేనే చిన్న పంపులు నడిచేలా ఎలక్ట్రీషియన్‌తో వైరింగ్ మార్పించండి. అది అయ్యేదాకా కరెంటు వచ్చిన ప్రతిసారీ అందర్నీ గట్టెక్కించాకే మోటారు వేయండి.

మండుటెండలో స్టెబిలైజర్ (ఎండకు క్లోరిన్ తరగకుండా కాపాడే సయన్యూరిక్ యాసిడ్) లేని క్లోరిన్ గంటలోపే సగమవుతుంది. అందుకే పెద్ద మోతాదు పొద్దుగూకాకే. ట్రైక్లోర్ బిళ్లల్లో స్టెబిలైజర్ ఉంటుంది కదా అని వాటి మీదే ఆధారపడకండి. 10 పీపీఎం క్లోరిన్ వెంట 6 పీపీఎం స్టెబిలైజర్ వచ్చి చేరుతుంది. రోజుకు 2 పీపీఎం చొప్పున వేస్తే రెండు నెలల్లో 70కి చేరుతుంది. 50 దాటితే క్లోరిన్ అంకె బాగానే కనిపిస్తూ క్రిములు చావడం ఆలస్యమవుతుంది. అప్పుడు కొంత నీరు వదిలి కొత్తనీరు పట్టడమొక్కటే దారి.

పిల్లలెవరైనా నీళ్లలో దొడ్డికి పోతే ముందు అందర్నీ బయటికి పిలవండి. గట్టిగా ఉంటే జల్లెడతో తీసేసి, పీహెచ్ 7.5 మించకుండా క్లోరిన్ 2 పీపీఎం వద్ద అరగంట నిలపండి. నీళ్ల విరేచనమైతే సంగతి వేరు. క్రిప్టోస్పోరిడియం అనే పరాన్నజీవి మామూలు క్లోరిన్‌లో రోజుల తరబడి బతుకుతుంది. స్టెబిలైజర్ లేని నీళ్లయితే 20 పీపీఎం వద్ద 13 గంటలు ఉంచాలి. పై కొలనుకు 65 శాతం పొడి దాదాపు 14.5 కిలోలు పడుతుంది. స్టెబిలైజర్ 15 లోపు ఉన్నా 28 గంటలు పడుతుంది, 15 దాటితే ముందు నీళ్లు మార్చి దాన్ని దించాలి. ఆ తర్వాత ఫిల్టరు బ్యాక్‌వాష్ చేసి (నీటిని వెనక్కి పంపి కడిగి), ఆ నీటిని తిరిగి కొలనులోకి రానివ్వకుండా డ్రైనేజీకి వదలండి. విరేచనాలు తగ్గాక కూడా రెండు వారాలు కొలనుకు రావద్దని ఒడియాలోనూ తెలుగులోనూ బోర్డు రాయించండి. కువి, సవర మాట్లాడే హాస్టలు పిల్లల కోసం బొమ్మ వేయించండి.

ఇసుక ఫిల్టరు గేజి శుభ్రంగా ఉన్నప్పటికంటే 0.5 బార్ పెరిగితే బ్యాక్‌వాష్ చేయండి. మోటారు ఆపకుండా వాల్వు పిడి తిప్పితే లోపలి రబ్బరు చిరిగి, మురికి నీళ్లు కొలనులోకే పోతాయి. వాల్వు దగ్గరి అద్దంలో నీరు తేటపడేదాకా మూడు నుంచి అయిదు నిమిషాలు బ్యాక్‌వాష్, ఆపైన ఒక నిమిషం రిన్స్. ఈదిన ఒక్కొక్కరికి రోజుకు 30 లీటర్ల చొప్పున కొత్తనీరు కలుపుకోండి. వానాకాలం నాగావళి, వంశధార ఎర్రబడితే ట్యాంకరు నీళ్లను నేరుగా పోయకండి, తొట్టిలో పటిక పట్టించి తేర్చాకే పోయండి. బోరు నీళ్లలో ఇనుముంటే క్లోరిన్ పడగానే గోధుమ రంగు తిరుగుతుంది. అది ఫిల్టరులో పట్టుబడి నేల కనబడేదాకా, లోతువైపు అడుగు జాలీ గట్టు మీద నుంచి స్పష్టంగా కనిపించేదాకా ఎవరినీ దిగనివ్వకండి. మునిగిన పిల్లవాడు ఆ మసకలో కంటికి కనపడడు.