అడ్డాకుల విస్తర్ల యూనిట్ పెట్టేవాళ్ళకి

ఒడిశాలో రాయగడ, గుణుపురం వైపు అడ్డాకుతో, అంటే అడవిలో పాకే తీగ ఆకుతో, విస్తర్ల యూనిట్ పెట్టాలనుకుంటే ముందే విస్తర్లు ఒత్తే ప్రెస్ మెషిన్ కొనేయకండి, ఆకు ఏరే అక్కలతో కూర్చుని కట్టకి ఎంతైతే గిట్టుబాటవుతుందో వాళ్ళ నోటితోనే చెప్పించండి. తీగ నరక్కుండా ముదురాకే కోయాలి, లేతాకు జోలికి పోవద్దు, లేదంటే వచ్చే ఏడు ఆకే దొరకదు. ఆరిన ఆకు మీద కాస్త నీళ్ళు చల్లి, మెత్తబడ్డాక పుల్లలతో కుట్టి అప్పుడు ప్రెస్‌లో పెడితే అంచు చిట్లదు, ఇది చేతికి అలవాటైతే సగం పని అయినట్టే.

పదిమంది ఉత్పత్తిదారులు కలిస్తే ప్రొడ్యూసర్ కంపెనీ, అంటే ఉత్పత్తిదారులే సభ్యులుగా, యజమానులుగా ఉండే కంపెనీ, రిజిస్టర్ చేయొచ్చు, వాటా ఎంతున్నా మనిషికి ఒకటే ఓటు, నాకు బాగా నచ్చిన రూల్ ఇది. 2022 జూలై 1 నుంచి సింగిల్ యూజ్ ప్లాస్టిక్ ప్లేట్లు బ్యాన్ కదా, పర్లాకిమిడి క్యాటరింగ్ వాళ్ళని పెళ్ళిళ్ళ సీజన్‌కి ముందే కలవండి. లెక్కలు తెలుగులోనూ ఒడియాలోనూ రాసి నెలనెలా అందరి ముందు చదవండి.