స్లైడెవ్‌లో తెలుగు స్లైడ్లు: థీమ్ కంటే ముందు సరిచేయవలసినవి

కర్నూలులోని ఒక చిన్న హాలులో వెబ్ డెవలపర్ల ముందు మాట్లాడుతూ నేను వేసిన మొదటి స్లైడు శీర్షిక "తుంగభద్ర ఎగువ కాలువ నీటి లెక్కలు". అది రెండు వరుసలుగా విరిగి, "భద్ర"లోని క్రావడి కింది వరుసలోని "నీ" గుడిదీర్ఘం మీద పడడంతో, వెనక వరుసలో కూర్చున్నవారికి ఆ రెండూ కలిసి ఒక మరకలా కనిపించాయి. థీమ్ ఎంపికకు రెండు సాయంత్రాలు వెచ్చించిన నేను అక్షరాల సంగతే చూడలేదు. అందుకే ఇక్కడ పని క్రమాన్ని తిరగేసి, అక్షరాలతో మొదలుపెడుతున్నాను.

ఆంథొనీ ఫూ 2021లో మొదలుపెట్టిన ఓపెన్ సోర్స్ పరికరం స్లైడెవ్. స్లైడ్లన్నిటినీ ఒకే మార్క్‌డౌన్ (సాదా గుర్తులతో రాసే పాఠ్యం) ఫైలులో, మూడేసి హైఫన్లతో విడదీసి రాస్తే, వీట్, వ్యూ అనే వెబ్ పరికరాల సాయంతో అది వాటిని బ్రౌజర్‌లో చూపిస్తుంది. ఫైలు మొదట్లో హైఫన్ల మధ్య రాసే సెట్టింగులు మొత్తం ప్రదర్శనకూ వర్తిస్తాయి. ఈ వ్యాసంలో సెట్టింగుల పేర్లను తెలుగు లిపిలో ఇస్తున్నాను గాని, టైపు చేసేటప్పుడు అవి ఇంగ్లీషులోనే ఉండాలి.

శీర్షిక చెడిపోవడానికి కారణం వరుస ఎత్తు. డిఫాల్టుగా హెచ్1 (స్లైడు ప్రధాన శీర్షిక) అక్షరం 36 పిక్సెళ్లు, వరుస ఎత్తు 40 పిక్సెళ్లు. కింద వత్తులు లేని రోమన్ లిపికి ఆ నాలుగు పిక్సెళ్ల ఎడం చాలు. పైన గుళ్లూ కొమ్ములూ, కింద వత్తులూ ఉన్న మన లిపికి చాలదు. ప్రాజెక్టులో స్టైల్స్ అనే ఫోల్డరు పెట్టి, అందులో ఇండెక్స్ పేరుతో సీఎస్ఎస్ (పేజీ రూపాన్ని నిర్ణయించే నియమాల) ఫైలు సృష్టించి, హెచ్1కు లైన్-హైట్ 1.5 అని ఇవ్వండి. అయితే ఉత్త హెచ్1 అని రాస్తే థీమ్ నియమమే నెగ్గుతుంది కనుక, స్లైడెవ్-లేఅవుట్ అనే క్లాసు లోపలి హెచ్1 అని రాయాలి. డిఫాల్ట్ థీమ్ శీర్షిక వెంటనే వచ్చే పేరాను కాస్త పైకి జరిపి, సగం పారదర్శకంగా కూడా చేస్తుంది. ఆ పైకి జరపడం వల్ల శీర్షిక వత్తులకు మళ్లీ చోటు తగ్గుతుంది. మధ్యాహ్నం కిటికీల వెలుతురులో ఆ పేరా కనిపించనే కనిపించదు. అదే ఫైలులో దాని పై మార్జిన్‌ను సున్నా, ఒపాసిటీని 1 చేయండి.

తరువాతిది ఫాంటు. ఫైలు మొదటి సెట్టింగులలో ఫాంట్స్ కింద శాన్స్ అనే చోట నోటో శాన్స్ తెలుగు అని రాస్తే, స్లైడెవ్ దాన్ని గూగుల్ ఫాంట్స్ నుంచి తానే తెచ్చుకుంటుంది. పెద్ద శీర్షికలకు రామభద్ర నిండుగా ఉంటుంది గాని దానికి ఒకే మందం ఉంది. బోల్డ్ చేస్తే బ్రౌజరు కృత్రిమంగా లావు చేసి గుండ్రాలను పూడ్చేస్తుంది. కోడ్ కోసం పెట్టే మోనో ఫాంట్లలో సాధారణంగా తెలుగు ఉండదు కాబట్టి, తెలుగు కామెంట్లు రాసేవారు అక్కడ కామా పెట్టి తెలుగు ఫాంటు పేరు కూడా చేర్చాలి. సభాస్థలంలో ఇంటర్నెట్‌ను నమ్ముకోకండి. ఫాంట్స్ కిందే ఉండే ప్రొవైడర్‌ను (ఫాంటు ఎక్కడి నుంచి తేవాలో చెప్పేది) నన్, అంటే ఏదీ వద్దు, అని మార్చి, ఫాంటు ఫైలును పబ్లిక్ ఫోల్డరులో పెట్టి, స్టైల్స్ ఫైలులో ఆ ఫాంటు ఎక్కడుందో చెప్పే ఫాంట్-ఫేస్ నియమం రాస్తే ఏ లాప్‌టాప్‌లోనైనా అదే రూపం వస్తుంది.

రంగుల గురించి ఒక్క మాట: పాత ప్రొజెక్టరు ఉన్న చోట కలర్‌స్కీమాను లైట్‌కు కట్టేయండి. లేకపోతే స్లైడెవ్ మీ సిస్టం అమరికను అనుసరించి నల్లని నేపథ్యాన్ని ఎంచుకోవచ్చు.

లేఅవుట్ల విషయంలో తొందర వద్దు. పక్కన కొండారెడ్డి బురుజు ఫొటో, ఇటు వాక్యాలు కావాలంటే ఇమేజ్-రైట్ అనే లేఅవుట్ ముందే ఉంది. నిజంగా కొత్తది అవసరమైతే లేఅవుట్స్ ఫోల్డరులో ఒక వ్యూ ఫైలు రాసి, బయటి డివ్‌కు స్లైడెవ్-లేఅవుట్ క్లాసు ఇచ్చి, లోపల స్లాట్ (స్లైడు పాఠ్యం వచ్చే చోటు) ఉంచితే చాలు. ఆ ఫైలు పేరే లేఅవుట్ పేరు. థీమ్‌లో ఉన్న పేరే పెడితే మీ ఫైలుకే ప్రాధాన్యం లభిస్తుంది. ఇంత సులువు ఉండగా, ఎజెక్ట్ ఆదేశంతో థీమ్ మొత్తాన్ని ప్రాజెక్టులోకి దించుకుని దిద్దడం నాకు నచ్చదు. తరువాత వచ్చే మార్పులన్నిటినీ మనమే మోయవలసి వస్తుంది. ప్రతి స్లైడు అడుగునా ఊరు పేరు, తేదీ ఉండాలంటే ప్రాజెక్టు మూలంలో గ్లోబల్-బాటమ్ అనే వ్యూ ఫైలు పెట్టి, మొదటి పేజీలో కనిపించకుండా వీ-ఇఫ్ షరతు చేర్చండి.

ఒకే స్లైడుకు మార్పు కావాలంటే ఆ స్లైడు చివర స్టైల్ ట్యాగు రాయండి. అది దానికే పరిమితమవుతుంది.

పీడీఎఫ్ ప్రతి కోసం బ్రౌజరును నడిపించే ప్లేరైట్-క్రోమియం ప్యాకేజీని ముందుగా స్థాపించుకుని ఎక్స్‌పోర్ట్ ఆదేశం ఇవ్వాలి. క్లిక్కుతో ఒక్కొక్కటిగా కనిపించే అంశాలు మామూలుగా ఒకే పేజీలో వచ్చేస్తాయి. విడివిడి పేజీలు కావాలంటే ఆదేశానికి విత్-క్లిక్స్ జోడించాలి. వచ్చిన పీడీఎఫ్‌లో వత్తులు ఎక్కువగా ఉన్న శీర్షికలను ఒకసారి పెద్దది చేసి చూసుకున్న తరువాతే దాన్ని పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించండి.